ఋతువుకొక పువ్వు: పాఠశాల తోటకు దుంపజాతి మొక్కల ఎంపిక

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంటితోటకు లేని కష్టం ఒకటి పాఠశాల తోటకు ఉంది. ఇంటితోటకు పన్నెండు నెలలూ నీరు పోసే చేయి ఉంటుంది. పాఠశాల తోటకు ఆ భాగ్యం పది నెలలే. జూన్‌లో ఉత్సాహంగా నాటిన మొక్కలు వానలకు ఎదిగి, దసరాకు పూసి, సంక్రాంతికి నిండుగా కనిపిస్తాయి. ఏప్రిల్‌లో వేసవి సెలవులు ఇచ్చి ద్వారానికి తాళం వేసిన నాటి నుండి వాటికి దిక్కు ఉండదు. మే నెలాఖరున తిరిగి తాళం తీసేసరికి కుండీలలో మట్టి బీటలు వారి, మడులలో ఎండుపుల్లలు మిగులుతాయి. మరల చందాలు, మరల నర్సరీ, మరల కొత్త మొక్కలు. తోట అంటే ఏటేటా కొని ఏటేటా పారవేయవలసిన వస్తువు అని పిల్లలు దీని వలన నేర్చుకుంటారు. అది మంచి పాఠం కాదు.

ఈ చిక్కుకు పరిష్కారం నీటితొట్టెలోనో, తోటమాలి జీతంలోనో మాత్రమే లేదు. అది మొక్కల ఎంపికలో ఉంది. పాఠశాల సెలవు తీసుకున్నప్పుడు తామూ సెలవు తీసుకునే మొక్కలు సృష్టిలో ఉన్నాయి. ఎండలు ముదిరేసరికి అవి ఆకులు వదలి, ఆహారాన్ని నేలలోని దుంపలో దాచుకొని, నిద్రకు ఉపక్రమిస్తాయి. తొలకరి చినుకు తగలగానే మేల్కొంటాయి. ఒకసారి నాటితే ఏటేటా తమంతట తాము తిరిగి వస్తాయి, సంఖ్యలో పెరుగుతాయి కూడా. దేవనహళ్ళి వంటి మెట్ట ప్రాంతంలో ఇటువంటి మొక్కలను ఋతువుల వారీగా ఎంచుకుంటే, సంవత్సరమంతా తోటలో ఏదో ఒక రంగు నిలుస్తుంది. ఆ ఎంపిక ఎలా చేయాలో వివరించడమే ఈ ప్రసంగ ఉద్దేశం.

మొదట దుంప అంటే ఏమిటో తెలుసుకోవాలి. ఈ విషయంలో దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం, కోలారు ప్రాంతాల రైతుబిడ్డలకు పుస్తకం అవసరం లేదు. 2015లో భౌగోళిక గుర్తింపు పొందిన బెంగళూరు రోజ్ ఉల్లి ఈ నేలలోనే పండుతుంది. ఆ ఉల్లిగడ్డను నిలువుగా కోసి చూస్తే పొరపై పొరగా కండగల ఆకులు, వాటి నడుమ రాబోయే మొగ్గ, అడుగున పళ్ళెం వంటి చిన్న కాండం, దాని కింద వేళ్ళు కనిపిస్తాయి. దీనినే వృక్షశాస్త్రంలో లశునం అంటారు. నేలసంపెంగ, వానలిల్లీ, అమరిల్లిస్ మొదలైనవి ఈ వర్గానికి చెందినవి. గ్లాడియోలస్‌కు ఉండేది పొరలు లేని గట్టి గడ్డ, అది కందం. డాలియాకు ఉండేవి చిలగడదుంప వంటి దుంపవేళ్ళు. మెట్టతామరకు పసుపు, అల్లం వలె నేలలో అడ్డంగా పాకే కొమ్ము ఉంటుంది. వాడుకలో వీటన్నింటినీ దుంపలనే అంటారు. అయినా ఈ భేదం తెలిస్తేనే వేరుచేసి నాటడం తెలుస్తుంది. లశునాన్ని పిల్లగడ్డలుగా విడదీయాలి. కొమ్మును కన్ను ఉండేటట్లు కోయాలి. డాలియా దుంపవేరును కాండపు మొదలు అంటుకొని ఉండేటట్లు వేరుచేయాలి. కాండపు ముక్క లేని డాలియా దుంప ఎంత బలిసినదైనా మొలకెత్తదు.

దుంప ఎందుకు నిద్రిస్తుంది అన్నది రెండవ ప్రశ్న. ఎంపికకు ఇదే కీలకం. ప్రపంచంలోని దుంపమొక్కలన్నీ ఏదో ఒక ఆపద నుండి తప్పించుకోవడానికే భూమిలోకి పోతాయి. ఆ ఆపద కొన్నింటికి చలి, కొన్నింటికి అనావృష్టి. ట్యులిప్ పుష్పం మధ్య ఆసియా కొండలలో పుట్టి, టర్కీ మీదుగా ఐరోపా చేరింది. 1593లో లైడెన్ విశ్వవిద్యాలయ ఉద్యానంలో చేరిన క్లూసియస్ అనే శాస్త్రజ్ఞుని వలన హాలండ్‌లో దానికి ప్రాచుర్యం లభించింది. దాని గడ్డలపై వ్యాపారం వెర్రితలలు వేసి, 1637 ఫిబ్రవరిలో ధరలు ఒక్కసారిగా కూలిన కథ అర్థశాస్త్ర విద్యార్థులకు పరిచితమే. ఈ ట్యులిప్ గడ్డలో పూమొగ్గ సక్రమంగా ఎదగాలంటే సుమారు 12 నుండి 16 వారాల పాటు 9 డిగ్రీల సెల్సియస్‌కు లోపు చలి కావాలి. డాఫొడిల్, హయసింత్ పుష్పాలదీ ఇంచుమించు అదే స్వభావం. శ్రీనగరంలో దాల్ సరస్సు ఒడ్డున జబర్వన్ కొండవాలుపై ట్యులిప్ తోట కన్నుల పండువగా ఉండడానికి ఆ చలి కారణం.

బెంగళూరు చల్లని ఊరని ప్రసిద్ధి. అయినా ఈ నగరంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు. అది 1884 జనవరి 13న నమోదైంది. సాధారణంగా జనవరి రాత్రులలో ఇక్కడ ఉష్ణోగ్రత 15 డిగ్రీల ప్రాంతంలోనే ఉంటుంది. కావున పటంలో చూసి ముచ్చటపడి కొన్న ట్యులిప్ గడ్డ ఇక్కడ స్థిరనివాసి కాజాలదు. శీతల గిడ్డంగిలో ఉంచి తెచ్చిన గడ్డ ఒక పర్యాయం పూస్తుంది. మరుసటి ఏడు ఆకులు వేసి ఊరుకుంటుంది. అది అతిథి మాత్రమే. అతిథిని గౌరవించవచ్చు గాని, ఇంటి బాధ్యత అతనికి అప్పగించరాదు.

ఇక దేవనహళ్ళి స్వభావాన్ని గమనించాలి. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఎర్రనేలల పీఠభూమి ఇది. కనుచూపు మేరలో ఉన్న నంది పర్వత ప్రాంతంలో అర్కావతి, దక్షిణ పినాకినులతో బాటు అనంతపురం, కడప, నెల్లూరు సీమలను తడిపే ఉత్తర పినాకిని, అనగా పెన్న కూడా జన్మిస్తుంది. ఇన్ని నదులకు పుట్టిల్లు ఇంత చేరువలో ఉన్నా ఇక్కడ నిండుగా పారే జీవనది లేదు. ఏటి వర్షపాతం 800 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. ఏప్రిల్, మే నెలలలో మామిడి జల్లులు, జూన్ నుండి ఒక మోస్తరు వానలు, సెప్టెంబరు, అక్టోబరు నెలలలో బలమైన వర్షాలు, పిదప జనవరి నుండి మార్చి వరకు దాదాపు పొడి. పూర్వం చెరువులు, బావులు ఈ లోటు తీర్చేవి. గొట్టపుబావులు వచ్చిన తరువాత నీరు పాతాళానికి దిగింది. భూగర్భజలాన్ని అతిగా తోడిన తాలూకాగా కేంద్ర భూగర్భజల మండలి దేవనహళ్ళిని లెక్కించింది. 2008 మే నెలలో విమానాశ్రయం ప్రారంభమైన నాటి నుండి ద్రాక్ష తోటలు, పేరుపొందిన చకోత చెట్లు తగ్గి, కట్టడాలు పెరిగాయి. ఇటువంటి చోట తోట వేయదలచిన పాఠశాల, త్రాగునీటితో పోటీపడే తోటను వేయరాదు. చలికి కాక కరువుకు నిద్రించే దుంపలను ఎంచుకోవడమే ఇక్కడి ధర్మం.

ఏడాది పొడుగునా రంగు అన్న ఆలోచన బెంగళూరుకు కొత్త కాదు. 1760 ప్రాంతంలో హైదర్ అలీ లాల్‌బాగ్ తోటకు పునాది వేయగా, దేవనహళ్ళిలోనే జన్మించిన టిప్పు సుల్తాన్ విదేశాల నుండి మొక్కలు, విత్తనాలు తెప్పించి దానిని పెంపొందించాడు. 1908లో మైసూరు సంస్థాన సేవలో చేరిన జర్మన్ ఉద్యానవేత్త గుస్తావ్ హెర్మన్ క్రుంబీగల్, ఒక జాతి చెట్లు పూసి రాలేసరికి మరొక జాతి పూతకు వచ్చేటట్లు నగర వీథులలో చెట్లను ఎంపిక చేశాడని ప్రసిద్ధి. వీథులలో ఆయన వృక్షాలతో సాధించిన వరుసను పాఠశాల మడిలో దుంపలతో సాధించవచ్చు. చెట్టుకు పదేళ్ళు పట్టే పని దుంపకు ఒక సంవత్సరంలో అవుతుంది.

తెలుగువారి ఆరు ఋతువుల క్రమంలోనే ఈ వరుసను చూద్దాం.

వసంతం వచ్చేసరికి, అనగా చైత్ర వైశాఖాలలో, అమరిల్లిస్ పూస్తుంది. నర్సరీలవారు ఈ పేరుతో అమ్మే మొక్క అసలు పేరు హిప్పియాస్ట్రమ్. జన్మస్థానం దక్షిణ అమెరికా. చలికాలపు పొడి దినాలలో విశ్రమించిన గడ్డ నుండి, చాలా సార్లు ఆకు కంటే ముందే, లావైన బోలు కాడ లేచి, దాని కొసన బాకాల వంటి ఎర్రని, నారింజ లేక చారల పూలు మూడు నాలుగు విచ్చుకుంటాయి. మార్చిలో పరీక్షలకు కూర్చున్న పిల్లలకు కిటికీ వెలుపల కనిపించేది ఇదే. దీని వెనుకనే ఫుట్‌బాల్ లిల్లీ వస్తుంది. దీనికి మే పుష్పం అనే పేరూ ఉంది. ఆఫ్రికా నుండి వచ్చిన ఈ మొక్క ఏప్రిల్ చివర, మే మొదట జల్లు పడగానే ఒంటికాడపై నూరు సన్నని పూలు కలిసిన ఎర్రని గోళాన్ని నిలుపుతుంది. అప్పటికి పాఠశాలకు సెలవులు. పిల్లలు చూడలేని పువ్వును లోపలి మడిలో నాటడం కంటే ప్రహరీ దగ్గర, ద్వారం పక్కన నాటడం మేలు. బాటసారులైనా చూసి ఆనందిస్తారు. పాఠశాల తోటలో పంచాంగంతో పాటు సెలవుల పట్టికను కూడా చూసి మొక్కను ఎంచుకోవాలని దీని భావం.

గ్రీష్మం పేరుకు జ్యేష్ఠ ఆషాఢాలైనా, ఈ పీఠభూమిలో ఆ నెలలకు తొలకరి వచ్చి ఉంటుంది. బడి తెరిచే దినాలు ఇవే. ఈ దినాలకు వానలిల్లీని మించినది లేదు. గడ్డిపోచ వంటి ఆకులు గల ఈ చిన్న మొక్క ఎండిన నేలలో ఎన్ని వారాలైనా ఓర్చుకొని, మంచి వాన కురిసిన కొన్ని దినాలకే మడి అంతా ఒకేసారి పూస్తుంది. గులాబీ, తెలుపు, పసుపు రంగులలో దొరుకుతుంది. కొళాయి నీరు ఎంత పోసినా వానకు పూసినట్లు పూయదని తోటమాలులు చెబుతారు. పువ్వు ఒకటి రెండు దినాలే నిలుస్తుంది గాని, ప్రతి పెద్ద వానకూ మరొక విడత వస్తుంది. తొలిసారి బడిలో అడుగుపెట్టే బాలబాలికలకు స్వాగతం చెప్పడానికి బాట కిరువైపులా ఈ మొక్కను బారులుగా నాటడం సముచితం. ఈ కాలంలోనే తెల్లని స్పైడర్ లిల్లీ, కేసరిచెట్టు అని తెలుగువారు పిలిచే క్రైనమ్ పూతకు వస్తాయి. క్రైనమ్ పెద్ద మొక్క. మొక్కకు మొక్కకు కనీసం 60 సెంటీమీటర్ల ఎడం కావాలి. అది నీడను, నీరు నిలిచే నేలను సైతం సహిస్తుంది.

వర్షర్తువు శ్రావణ భాద్రపదాలది. ఇది నేలసంపెంగ రాజ్యం. తెలుగు నేలపై పూలదండల వ్యాపారులు దీనిని లిల్లీ అంటారు, బెంగళూరు కె.ఆర్. మార్కెట్‌లో దీని పేరు సుగంధరాజ. మెక్సికో నుండి వచ్చినా పెండ్లి దండలలో ఒదిగి స్వదేశీయే అయింది. ఏప్రిల్, మే నెలలలో నాటిన గడ్డ మూడు నాలుగు నెలలలో పూకాడ వేస్తుంది. బెంగళూరు చెంత హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఒంటిరేకు పూలలో శృంగార్, ప్రజ్వల్ రకాలను, ముద్దపూలలో సువాసిని రకాన్ని రూపొందించింది. సువాసన, దండలు కావాలంటే ఒంటిరేకు రకం. పూలపాత్రలో కాడతో నిలపాలంటే ముద్దరకం. ఒక విషయం గమనించాలి: నేలసంపెంగ పరిమళం సాయంసంధ్య తరువాతనే విజృంభిస్తుంది, ఎందుకంటే దాని అతిథులు రాత్రి తిరిగే చిమ్మటలు. చివరి గంట మ్రోగి పిల్లలు వెళ్ళిన తరువాత పరిమళించే పువ్వు ఇది. కావున దీనిని సాయంకాలం సభలు జరిగే వేదిక సమీపాన నాటడం యుక్తం.

ఇదే ఋతువులో అడవినాభి పూస్తుంది. అగ్నిశిఖ, లాంగలి అని సంస్కృత నామాలు గల ఈ తీగ భారతదేశానికి, ఆఫ్రికాకు సహజమైనది. తమిళనాడు రాష్ట్ర పుష్పం. నాగలి వలె వంగిన దుంప గలది కనుక లాంగలి అయింది. ఆకు కొసలే నులితీగలై కంచెను పట్టుకుంటాయి. పూరేకులు పసుపుపచ్చగా విచ్చి, దినదినమూ ఎర్రబారి, అగ్నిజ్వాలల వలె పైకి లేస్తాయి. ఇంతటి అందం గల ఈ మొక్క కడు విషపూరితం. దీనిలోని కాల్చిసిన్ అనే పదార్థాన్ని వాతరక్తానికి ఔషధంగా వాడతారు; మోతాదు మించితే అదే ప్రాణాంతకం. దుంపను తినదగిన గడ్డగా భ్రమించి ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. అందుచేత పాఠశాల ఆవరణలో దీనిని నాటరాదు. చూపదలచినప్పుడు ఉపాధ్యాయులు వెంట ఉండి వానాకాలంలో పొదల కంచెలపై చూపడం క్షేమం. అడవి నుండి పెకలించి అమ్మే దుంపలను కొనడం మరొక దోషం. ఔషధాల కోసం తవ్వి తవ్వి అనేక చోట్ల ఈ తీగ అరుదైపోయింది.

శరత్తు, అనగా ఆశ్వయుజ కార్తికాలు, నేలసంపెంగకు రెండవ విడత, మెట్టతామరకు నిండు యౌవనం. మెట్టతామర నిజానికి నెలనెలా పూస్తుంది. వానలకు మరీ విజృంభిస్తుంది. ఎరుపు, పసుపు రకాలను పక్కపక్కన నాటితే నవంబరు 1న జరిగే కర్ణాటక రాజ్యోత్సవానికి ఆ రాష్ట్ర పతాక వర్ణాలు మడిలోనే రూపుదిద్దుకుంటాయి. కన్నడ నేలపై తెలుగు చదివే పిల్లలకు ఇది తగిన అలంకారం. ఈ మొక్కకు మాత్రం వేసవిలో కొంత నీరు కావాలి; చేతులు కడిగే కొళాయిల నుండి పారే నీటిని కాలువ తీసి దీని మొదటికి మళ్ళిస్తే చాలు.

హేమంతంలో గ్లాడియోలస్, డాలియా పుష్పాలు రంగాన్ని అలంకరిస్తాయి. వానలు తగ్గి, పగలు వెచ్చగా, రాత్రులు చల్లగా ఉండే ఈ కాలం వాటికి హితం. గ్లాడియోలస్ రకాన్ని బట్టి నాటిన 60 నుండి 90 దినాలలో పూస్తుంది. జనవరి 26 గణతంత్ర దినోత్సవానికి పూలు కావాలంటే ఎప్పుడు నాటాలి అన్నది ఏడవ తరగతి లెక్క. అక్టోబరు చివర ఒక విడత, నవంబరు రెండవ వారంలో ఒకటి, నెలాఖరున మరొకటి నాటితే ఆ దినానికి ఏదో ఒక వరుస పూతలో ఉండక తప్పదు. మిగిలిన వరుసలు ముందు వెనుకలుగా పూసి రంగును పొడిగిస్తాయి. హెసరఘట్ట సంస్థ రూపొందించిన మీరా తెలుపు, పూనమ్ పసుపు, ఆరతి ఎరుపు. డాలియా మెక్సికో దేశపు మొక్క. దానికి కర్ర ఊతం, గాలి, ఎండ కావాలి. మొక్క జానెడు ఎత్తుకు మించగానే కొస మొగ్గను గిల్లితే కొమ్మలు వేసి ఎక్కువ పూలు ఇస్తుంది.

శిశిరంలో గ్లాడియోలస్ చివరి విడత, డాలియా కడపటి పూలు ఉంటాయి. మాఘ ఫాల్గుణాలు ప్రధానంగా కోత, దాపు, విశ్రాంతి నెలలు. తోటకు ఈ విశ్రాంతి ఇవ్వడం రంగుకు లోటు కాదు. పదవ తరగతి పిల్లలు పరీక్షలకు చదువుకునే ఈ దినాలలో తోట వారి సమయాన్ని అడగదు. ఫాల్గుణం ముగిసేసరికి అమరిల్లిస్ కాడ తల ఎత్తుతుంది. చక్రం మరల మొదలవుతుంది.

ఎంపికలో దుంప నాణ్యత కూడా ముఖ్యమే. చేతిలో పట్టుకుంటే దుంప గట్టిగా, పరిమాణానికి తగిన బరువుతో ఉండాలి. మెత్తబడినది, బూజు పట్టినది, అడుగు పళ్ళెం కుళ్ళినది తీసుకోరాదు. నేలసంపెంగ గడ్డ కనీసం రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పు ఉంటేనే ఆ ఏడు పూస్తుంది. గ్లాడియోలస్ కందం నాలుగైదు సెంటీమీటర్లు ఉండాలి. పలకవలె వెడల్పైన దాని కంటే నడుమ ఉబ్బి ఎత్తుగా ఉన్నది మేలైనది. దూరప్రాంతపు పటాలను చూసి తెప్పించిన పది రకాల కంటే, ఊరిలో ఎవరి పెరటిలోనో ఇరవై ఏళ్ళుగా పూస్తున్న ఒక్క రకం నమ్మదగినది. దానికి ఈ నేల, ఈ నీరు, ఈ ఎండ అలవాటై ఉంటాయి. పైగా అది కొనవలసినది కాదు, అడిగి తెచ్చుకోవలసినది.

నాటే విధానం సులభం. దుంపకు ప్రథమ శత్రువు నీటికొరత కాదు, నీటి నిలువ. ఎర్రమట్టికి ఇసుక, బాగా చివికిన ఎరువు కలిపి మడిని నేలకంటే ఒక జానెడు ఎత్తు చేయాలి. పచ్చిపేడ వేస్తే దుంప కుళ్ళుతుంది. సాధారణంగా దుంప ఎత్తుకు రెండింతల లోతున నాటాలి; అమరిల్లిస్‌కు మాత్రం మెడ నేలపైకి కనిపించాలి. పూలు వాడగానే పూకాడను కోయవచ్చు గాని ఆకులను కోయరాదు. రాబోయే ఏటి పువ్వుకు కావలసిన ఆహారాన్ని ఆ ఆకులే వండి దుంపకు పంపుతాయి. శుభ్రత పేరుతో పచ్చని ఆకులను కోసివేయడమే తోటలలో దుంపలు పూయకపోవడానికి ప్రధాన కారణం. ఆకు తనంతట పసుపుబారి వాలేవరకు ఓపిక పట్టాలి.

గ్లాడియోలస్ ఆకులు ఎండగానే కందాలను తవ్వితీసి చూస్తే ఒక వింత కనిపిస్తుంది. నాటిన పాత కందం ఎండి ముడుచుకొని ఉంటుంది. దానిపై కొత్త కందం కూర్చొని ఉంటుంది. చుట్టూ గోధుమగింజల వంటి పిల్లకందాలు ఉంటాయి. పాతది తన సారమంతా కొత్తదానికి ఇచ్చి పోయిందని బోధించడానికి ఇంతకంటే సజీవమైన ఉదాహరణ దొరకదు. వాటిని నీడలో ఆరబెట్టి, గాలి తగిలే సంచిలో, చల్లని గదిలో అక్టోబరు వరకు దాచాలి. నేలసంపెంగలో ప్రతి గడ్డ ఒక్కసారే పూస్తుంది. పిదప పూసేవి దాని పిల్లలు. మూడేళ్ళకొకసారి గుంపును తవ్వి విడదీయకపోతే పూత సన్నగిల్లుతుంది.

క్రైనమ్, అమరిల్లిస్ ఆకులపై నలుపు, తెలుపు, ఎరుపు మచ్చల గొంగళిపురుగులు గుంపులుగా చేరి ఒకటి రెండు దినాలలో ఆకునంతా తినివేస్తాయి. ఇవి లిల్లీ చిమ్మట పిల్లలు. మందు చల్లనవసరం లేదు. ఉదయం ప్రార్థనకు ముందు పెద్ద తరగతుల పిల్లలు పుల్లతో ఏరి సబ్బునీటి డబ్బాలో వేస్తే చాలు. ఏ దుంపనూ, ఏ ఆకునూ నోట పెట్టరాదని, మట్టిపని ముగియగానే చేతులు కడగాలని అందరికీ నియమం ఉండాలి. క్రైనమ్, అమరిల్లిస్, వానలిల్లీ, స్పైడర్ లిల్లీ గడ్డలు చూపునకు ఉల్లిగడ్డలను పోలి ఉంటాయి; తింటే వాంతులు అవుతాయి. దాచిన దుంపలపై పేరు వ్రాసిన చీటీ కట్టడం, భోజనపు సరుకులకు దూరంగా తాళం వేసిన గదిలో ఉంచడం పాఠశాల విధి.

మొదటి సంవత్సరపు పని ఇంత మాత్రమే. బడి తెరిచిన వారంలో వానలిల్లీ, నేలసంపెంగ, స్పైడర్ లిల్లీ, మెట్టతామర నాటాలి. ఆలస్యంగా నాటిన నేలసంపెంగ ఆ ఏటికి శరత్తులో పూస్తుంది. అక్టోబరు చివర గ్లాడియోలస్, డాలియా. డిసెంబరు, జనవరి నెలలలో అమరిల్లిస్ గడ్డలు సంపాదించి నాటి, ఫుట్‌బాల్ లిల్లీ గడ్డలను ద్వారం పక్కన పెట్టాలి. మార్చిలో గ్లాడియోలస్ కందాలను, డాలియా దుంపలను తవ్వి దాచాలి. ఏప్రిల్‌లో మడులపై ఎండుటాకులు పరచి తాళం వేయాలి. తరగతికొక మడి, మడికొక నోటుపుస్తకం ఉంటే ఏ వాన ఏనాడు కురిసింది, ఏ పువ్వు ఎన్నవ దినాన పూసింది అని పిల్లలే వ్రాస్తారు. కొన్ని ఏళ్ళకు ఆ పుస్తకమే దేవనహళ్ళి తోటలకు నమ్మదగిన పంచాంగం అవుతుంది.

రెండవ ఏటి నుండి దుంపలు మడికి మించి పెరుగుతాయి. మించిన దుంపలను పారవేయక, బడి విడిచి వెళ్ళే ప్రతి పదవ తరగతి విద్యార్థికి తాను పెంచిన మడి నుండి ఒక వానలిల్లీ గుంపును కాగితంలో చుట్టి ఇవ్వవచ్చు. దానికి ఖర్చు లేదు. ఆ బిడ్డ యలహంకలో ఉన్నా, హిందూపురంలో ఉన్నా, ఒక కుండీ, పిడికెడు ఎర్రమట్టి ఉంటే చాలు. ఏటేటా తొలి పెద్దవాన కురిసిన వారంలో ఆ కుండీ పూస్తుంది. మాతృభాషలో నేర్చుకున్న చదువు ఎన్నాళ్ళు వాడకంలో లేకపోయినా లోపల ఎండిపోదని, తగిన చినుకు పడితే తిరిగి పలుకుతుందని ఆ మొక్కను చూసి వారు గ్రహించగలరు.

ఈ జూన్‌లో తొలి మడి తవ్వే చేతులు విద్యార్థులవే కావాలని ఆకాంక్ష.